ఫొటోకు దొరకనిది

ఏటవాలుగా నరికితే ఒక్క వేటు.
చదునుగా నరికితే మూడు.
కట్టకింత అని లెక్కగట్టే చోట
మూడు వేట్లు ఎవడు వేస్తాడు?
అట్లా మిగిలిన వెదురుమోడు మీదే జారి కూలబడ్డాడు
జాడి లసుమయ్య, మాఘమాసంలో, మంచు ఆరని పొద్దు.
మోడు ఎవరు కొట్టిందో తెలియదు.
నిరుడు తనే కావచ్చు.

సిరొంచ దవాఖానలో ఫిల్ము తీసింది నేను.
ప్రాణహిత అవతల మబ్బు పట్టి కరెంటు ఊగుతుంటే
ఊపిరి బిగబట్టమని రెండు భాషల్లో చెప్పి తీశాను.
గిన్నెలో గుండులా తుంటికీలు,
తెల్లగా, నిండుగా.
ఎముకకు దెబ్బ లేదని మరాఠీలో రాశాను.
నిజమే రాశాను.
పిరుదు మీద ఏడు కుట్లు. పదో రోజు విప్పారు.

హోలీకి కాలు కింద పెట్టలేకపోయాడు.
మోదుగుపూలు రాలేసరికి పక్క మీద ఒత్తిగిలలేకపోయాడు.
వాతమన్నారు. చెమ్మలో పని కదా అన్నారు.
క్షయ కావచ్చని ఆరు నెలల మాత్రలు రాశారు.
మానిన కుట్టు పక్కనే
చిన్న నోరొకటి తెరుచుకుంది.

పోసక్క ఒక్కతే అన్నది:
"సారూ, ఒంటికి పోయినప్పుడల్లా తొడ తడుస్తది.
చీము కాదది. వాసన నాకెరుక లేదా?
గుడ్డలు ఉతికేది నేను గదా."
నేను నవ్వలేదు. రాసుకోనూ లేదు.
నా గదిలో వాసనకు ఫిల్ము లేదు.

చంద్రపూర్‌లో ఒక కుర్ర డాక్టరమ్మ
ఆ మాట పట్టుకుని
మూత్రపు సంచిలోకి గొట్టంతో నీలం నీళ్లు ఎక్కించిందట.
ఇద్దరూ తుంటి వంక చూస్తూ కూచున్నారట,
పోసక్క ఒళ్లో మూత తియ్యని టిఫిను.
తెల్లగుడ్డ మీద మొదట ఒక చుక్క.
తర్వాత బొట్టుబిళ్లంత.
తర్వాత చాకిరేవులో నీలిమందు ఒలికినంత.

అరుదన్నారు పెద్ద డాక్టర్లు.
సంచికీ కీలుకీ మధ్య దారి పడటం
ఇరవై ఏళ్లలో చూడలేదన్నారు.
ఫొటోలు తీస్తామని వేలిముద్ర అడిగారు.
దారి వేసింది వేలెడు వెదురుపేడు,
నానీ నానీ నల్లబడి
గిన్నె అడుగున ఇరుక్కుని ఉంది.
గుండు సగం కరిగిపోయింది. మిగతాది వాళ్లే తీసేశారు.
ఇప్పుడా కాలు రెండంగుళాలు పొట్టి.

మత్తు దిగాక లసుమయ్య అడిగిన మొదటి మాట:
"లేతదా, ముదురుదా?"
డాక్టరమ్మకు అర్థం కాలేదు.
పోసక్క మరాఠీలో చెబితే సీసా వెలుతురుకు పట్టింది.
తల కాస్త ఎత్తి చూశాడు,
డిపోలో సరుకు చూసినట్టు.
"ముదురుదే. మూడేండ్ల గడ" అన్నాడు.
గొంతులో కొంచెం మెప్పు కూడా ఉందని పోసక్క చెప్పింది.

కేస్ పేపర్ తిరిగి మా దవాఖానకు వచ్చిన రాత్రి
పాత ఫిల్ము వెతికి దీపప్పెట్టె మీద పెట్టాను.
ఎక్కడుందో ఇప్పుడు తెలుసు.
సరిగ్గా అక్కడే వేలు పెట్టి
చాలాసేపు చూశాను.
గిన్నె. గుండు. తెల్లగా, నిండుగా.
నా వేలి జిడ్డు తప్ప
మరే మచ్చా లేదు.