సోఫా ఎటు మొఖం పెట్టాలె

డీసీయం వ్యానుల వచ్చింది సోఫా, చౌటుప్పల్ నుంచి.
బిడ్డకు మందుల కంపెనీల జీతం, పన్నెండు కిస్తులు.
నలుగురు మోసుకొచ్చి, నట్టింట్ల దించి,
చెమట తుడుచుకుంట
"ఎటు మొఖం పెట్టాలె అత్తమ్మా?" అన్నరు.

ఏమని చెప్పాలె?
నాలుగు మగ్గాలు పట్టిన అర్ర ఇది.
గట్టుప్పల్ల ఇంత పొడుగు అర్ర
ఇంకెవరికీ లేదని మా మామ మురిసేటోడు.
కుర్చీల కోసం కట్టలే ఆయన,
నాడె అటు ఇటు ఉరికేంత జాగ కోసం కట్టిండు.
ఇప్పుడు దీంట్ల ఉన్నదల్ల
ఒక టీవీ, రెండు ప్లాస్టిక్ కుర్చీలు,
తలుపు సరిగ పడని బీరువ,
ఐదు నిమిషాలు ముందుండే పెండ్లినాటి గడియారం.
ఎవలనన్న పిలిస్తే
మాట గోడకు తాకి మల్ల నా చెవికే వస్తది.

ముందుగాల తూర్పు గోడకు జరిపినం.
తెల్లారంగనే ఎండ పడ్డది గుడ్డ మీద.
"రంగు పోతది" అన్నడు మా ఆయన.
రంగుల ముచ్చట్ల ఆయనకు ఎదురు చెప్పను.
దక్షిణం గోడకు జరిపినం,
టీవీ కోసం మెడ తిప్పి తిప్పి నొప్పి లేసింది.
నడుమకు గుంజినం.
నడుమ అంటే
రెండో మగ్గం గుంట ఉన్న కాడ.

నాలుగు గుంటలు పూడ్చనీకి
ఒక్క ట్రాక్టర్ మొరం సరిపోయింది.
ఇన్నేండ్లు కాళ్లు దిగిన లోతు
ఇంతేనా అనిపించింది ఆ పొద్దు.
పైన తాండూరు బండలు పరిపిచ్చినం, నున్నగ.
అయినా చీపురు మొదలు తగిలితే
ఆ నాలుగు కాడ బండ వేరే తీరు మాట్లాడతది,
డొల్లగ.
వచ్చినోళ్లకు తెల్వది.

మా ఆయన కూసున్నడు.
మెత్తగుందా అంటే, ఉంది అన్నడు.
కొంచెం సేపైనంక చూస్తే
టీవీల వార్తలు నడుస్తున్నయి,
కింద ఆయన కాళ్లు నడుస్తున్నయి.
కుడి, ఎడమ, కుడి,
తొక్కుడు చెక్కల కోసం.
బండ సల్లగ తగిలి ఆగినయి.
చూడనట్టు వంటింట్లకు పోయిన.
చాయ పెట్టిన, ఎవరూ అడగకముందే.

బిడ్డ ఫోన్ల బొమ్మలు పంపవట్టింది.
మూలకు మొక్క పెట్టు, గోడకు ఫ్రేములు కొట్టు,
కిటికీలకు కర్టెన్లు కట్టమ్మా, ఇల్లు బోసిగ ఉంది అని.
చండూరుకు పోయి ధర అడిగిన.
ఆ మిల్లుగుడ్డ గజం
మేము నేసిన గజం కంటె పిరం.
ఉత్తచేతులతోని బస్సెక్కిన.

ఆ ఐతారం రాత్రి వాన.
ఎదురింటి కిష్టవేణి గిన్నె నెత్తిన పెట్టుకొని ఉరికొచ్చింది.
"అక్కా, మా రేకులు కారుతున్నయి,
రేపు నలుపుల ముంచాలె, ఇయ్యి ఆరాలె."
గిన్నెల ఎర్రగ నూలు కట్టలు,
రబ్బరు కట్లు ఇంకా ఇప్పలే.

కిటికీ కడ్డీ నుంచి బీరువ దాక ఒక తాడు,
బీరువ నుంచి తలుపు చిలుక్కు ఇంకోటి.
సోఫా అడ్డమొచ్చింది.
ముగ్గురం కలిసి వసారలకు నూకినం,
మీద యూరియా సంచులు కప్పినం.
ఆ ఒక్క జాగల మాత్రం
ఎటు మొఖం అని ఎవరూ అడగలే.

అర్ర నిండ ఎరుపు వేలాడింది.
మా ఆయన ఒక పోగు రెండేళ్ల నడుమ పట్టి చూసి
"కాస్టిక్ ఎక్కువేసినవ్ పిల్లా" అన్నడు.
నెల రోజుల్ల ఆయన నోట్ల ఇంత పొడుగు మాట ఇదే.
కిష్టవేణి ఆ కొస నుంచి నన్ను పిలిచింది.
గోడ ఆ మాటను తిరిగి ఇయ్యలే,
నూలు ఉంచుకుంది.

పొద్దుగాల బండల మీద ఎర్ర చుక్కలు.
సగం తుడిచిన, సగం ఉండనిచ్చిన,
నడుము నొచ్చింది అంతే.
బిడ్డ ఫోను: "సోఫా ఎట్లుంది, ఫోటో పంపు."
తలుపు కాడ నిలబడి ఒకటి తీసి పంపిన.

"కర్టెన్లు మస్తున్నయమ్మా,
ఎక్కడ కొన్నవ్?
మరి సోఫా ఏది?"