లగేజీ టికెట్

కిషన్‌పురల జిరాక్స్ షాపు మీద రేకుల గది.
మెట్లెక్కుతుంటే కింది బండిమీది మిర్చి బజ్జీల వాసన.
రాజమొగిలి సారు ఫారం ముందటవెట్టి
కళ్లద్దాలు తుడుసుకుంటున్నడు.
పేరు: బొల్లం స్వరూప.
పని: కండక్టర్, పల్లెవెలుగు.
'ఆకాశం మీద ఆసక్తి ఎందుకు?' అని ఒక గడి.
అది ఖాళీగనే ఇడిశిపెట్టిన.

మూడు వందలు కడితే
నుస్రత్ రసీదు చింపి ఇచ్చింది.
ఇరవై రెండేండ్ల సంది నేను చింపి ఇచ్చుడే గని
నా చేతికి ఇంకొకరు చింపి ఇచ్చుడు ఇదే మొదలు.
అలవాటు కొద్ది వెనక్కి తిప్పి చూసిన,
చిల్లర బాకీ ఏమన్న రాసిందా అని.
వెనక సభ్యుల సౌకర్యాలున్నయి.
నెలకో చుక్కల పటం.
అమాస దగ్గరి శనివారం
పాకాల కట్ట మీదికి జీపుల చోటు.
టెలిస్కోపు వారం దినాలు ఇంటికి తీస్కపోవచ్చు,
అద్దం తుడవొద్దు.
ఆ ఆఖరి మాట కింద రెండు గీతలు.

నా డ్యూటీ సంగతి చెప్త.
ఎనిమిది కొట్టంగనే ఆడ కండక్టర్లం దిగిపోతం.
మంచిదే. ఆ అర్జీ మీద నా సంతకం గూడ ఉన్నది.
నైట్ హాల్టు మొగోళ్లది.
ఆఖరి ఊర్ల బస్సు ఆపి
సీట్ల మీద దుప్పటి పరిచి
లైట్లు బందువెట్టినంక ఏం కనవడ్తదని అడిగితే
డ్రైవర్ వీరస్వామి ఎప్పుడూ ఒక్కటే మాట:
"ఏముంటది స్వరూపా, దోమలు."

పాకాల కట్ట మీద తెలిసింది
వీరస్వామి తల ఎత్తలేదని.

జీపు లైట్లు ఆరినంక ముందుగాల ఏం లేదు.
పక్కన నిలబడ్డది మనిషో తుమ్మ చెట్టో తెల్వదు.
జరసేపటికి
చీకటి తన సంచిల చిల్లరంత
నా నెత్తి మీద గుమ్మరించింది.
ఏ వే బిల్లుల పట్టని కలెక్షన్.

"ప్లయడీస్" అన్నది నుస్రత్, పచ్చ లైటు పైకి వట్టి.
"పిల్లలకోడి" అన్న నేను.
అందరు ఇటు మర్రిన్రు.
మా నాయినమ్మ మక్క చేను కావలి కాసేటప్పుడు
పిల్లలకోడి ఎంత వాలిందో చూసి
పొద్దు పొడిచే జాము చెప్పేది.
సారు టార్చికి ఎర్ర కాయిదం చుట్టి
పటం మీద పెన్సిలుతోటి 'కోడి' అని రాసి, ఆగి,
"పిల్లలెన్ని?" అన్నడు.
నాకు ఆరు కనవడ్డయి. నుస్రత్‌కు తొమ్మిది.
సారుకు తెల్లటి మసక ఒక్కటే.
కంటి ఆపరేషన్ సంక్రాంతి ఎల్లినంకనట.

మూడో నెలల టెలిస్కోపు నా వంతు.
నా భుజం ఎత్తు గొట్టం, కింద చెక్క పీట.
హన్మకొండ బస్టాండ్ల ఎక్కిస్తుంటే
"బోరు పైపా అక్కా? మోటరేది?" అని ఒకాయన.
కండక్టర్ సామానని ఊకెనే తీస్కపోతే
చెకింగోళ్లకు దొరుకుడే.
నా మిషన్ల నేనే కొట్టుకున్న, ధర్మారం దాక,
లగేజీ ఒకటి.
వీరస్వామి అద్దంల చూసుకుంట
"చంద్రుని కాడికి ఎన్ని స్టేజీలు?" అన్నడు.

ఆ రాత్రి మా డాబా మీద గల్లి గల్లంత నిలబడ్డది.
జిన్నింగు మిల్లు నుంచి
నెత్తిల దూదితోనే వచ్చిన మల్లికాంబ
"ఉన్న శని చాలదానే, పిలిచి మరీ చూస్తరా?" అని
కొంగు అడ్డం వెట్టుకున్నది.
పోరగాండ్లు గుంజుకొచ్చిన్రు. ఒక కన్ను ఆనిచ్చింది.
ఆనిచ్చిన కన్ను తియ్యలేదు.
"గాజేసుకున్నది" అన్నది మెల్లగ.
వెనకోళ్లు గొణుగుతుంటే
నా నోట్ల నుంచి అదే మాట వచ్చింది,
"జరుగుండ్రమ్మా, ముందుకు జరుగుండ్రి."
ఒక పిలగాడు పిడికిట్ల రూపాయి వట్టుకొని టికెటెంతని అడిగిండు.
జీరో టికెటే బిడ్డా,
ఇయ్యాల మొగోళ్లకు గూడ.

సోమారం మొదటి బస్సుల తిరిగి తీస్కపోతుంటే చూసిన,
కన్ను ఆనిచ్చే కాడ
మల్లికాంబ కాటుక, నల్లగ, సగం చుట్టు.
రసీదు మీది రెండు గీతలు యాదికొచ్చినయి.
అది అద్దం గాదు, తెలుసు.
అయినా తుడువలేదు.