ఒక కణుపు నీరు

హత్సుయో నీళ్లను కొలబద్దతో కొలవదు.
చూపుడువేలు మడిలో దించుతుంది,
మొదటి కణుపు మునిగిందా, ఎక్కువైనట్టే.
మడవ తీసి వదిలేస్తుంది.

నాట్లేసి ఆరో రోజు.
నారుకింకా పాలపళ్ల వయసు.
బురదలో నత్తలు
తలుపులు బిగించుకుని ఆకలి చప్పరిస్తున్నాయి.
ఇంత పలచని నీళ్లలో
నత్తకి నత్తనడకైనా రాదు.

ఎవరో తినడానికని ఓడల్లో తెప్పించారట వీటిని.
తొట్లలో పెంచారట.
రుచి నచ్చక చికుగో కాలవల్లో పారబోశారట.
ఆ ఏడు వాళ్ల నాన్న మూడుసార్లు నాటాడు.
మూడుసార్లూ తెల్లారేసరికి
మడిలో ఆకాశం తప్ప ఏమీ లేదు.
నాలుగోసారి నాటలేదు,
గట్టున కూర్చుని నత్తల్ని రాతితో చితక్కొట్టాడు
పొద్దుగూకేదాకా.
వేరుశెనక్కాయలు ఒలిచే చోట
ఇప్పటికీ నిలబడలేను, అంటుంది.

చలికాలమంతా ఆమె చేసే పని ఒక్కటే, చదును.
అరిచేయంత పల్లం మిగిలినా
అక్కడ వాటికి పెళ్లిభోజనాలు.
నేను పట్నం నుంచి పని నేర్చుకోవడానికొచ్చి
రెండు నెలలు పలకే లాగాను.
కలుపు గురించి ఒక్క ముక్కా చెప్పలేదు.

మూడో వారం ఒక వానపొద్దున
వరి ఆకును పెదవుల మధ్య పెట్టి చూసింది.
కోసుకుంది. నవ్వింది.
మడవ మూసింది.

నీరు ఒక కణుపు ఎక్కింది, రెండో కణుపూ ఎక్కింది.
తలుపులు తెరుచుకున్నాయి.
వరి ఇప్పుడు వాటికి గరుకు,
ఊద మొలక వెన్న.
ఏది నాటింది, ఏది దానంతటది వచ్చింది
అనే పట్టింపు లేదు వాటికి,
మెత్తనిదేదో అది.
మోకాళ్ల మీద పాకి నేను వారంలో తీసేది
రెండు రాత్రుల్లో నున్నగా మేసేశాయి.

ఈశాన్యం మూల మాత్రం చాపంత మేర ఖాళీ.
నేను లాగిన చోటే, పల్లం పోలేదు.
మిగులు నారు గుప్పెడు పట్టుకెళ్లాను సిగ్గుతో.
నా చేతిలోంచి తీసుకుని తట్టలో పెట్టేసింది.
"ఉండనీ. కూలి ఇవ్వొద్దా?"

సాయంత్రం వెదురుకర్రతో బయల్దేరుతుంది,
కాడలకంటిన గులాబీ గుడ్ల గుత్తులు
నీళ్లలోకి రాలగొడుతూ.
ఆ రంగు చూస్తే పాపం అనిపిస్తుంది నాకు.
ఆమె కర్ర ఆగదు.

కాలవకి దిగువన కువాహారాది మందులు చల్లే పొలం.
మూడేళ్లుగా మాటల్లేవు.
తన తూముకి అతను జాలీ బిగించుకున్నాడు.
రోజూ చీకటి పడేముందు
ఆ జాలీకి చిక్కిన నత్తల్ని
ఒక్కొక్కటే ఏరి బకెట్లో వేసుకుని
హత్సుయో ఇంటికొస్తుంది.