తులం మీద పిసరు

అహ్మదీలో ఈ ఆటస్థలానికి గడ్డి లేదు.
ఇసుకకు నూనె పట్టించి అణిచిన నేల.
ఆడేవాళ్లు చాపముక్కంత పచ్చదనాన్ని
చంకలో పెట్టుకుని తిరుగుతారు.
వాళ్ల కర్రలు బాగుచేసే రేకుల గది నాది.

డ్రైవర్ అంటే బండి తోలేవాడనుకున్నాను.
కాదు, సంచిలో అన్నిటికంటే పొడుగు కర్ర.
పీచు తీసిన టెంకాయంత తల, లోపల బోలు.
నాలుగువందల అరవై సీసీ అని రాశారు,
మోటారు సైకిల్‌కు రాసినట్టు.

పుస్తకంలో ఇంగ్లీషు నాకు రాదు, అంకెలు వచ్చు.
పదిన్నర డిగ్రీలు: ముఖం ఆకాశం వైపు ఎంత వాలిందో.
మెడలో ఒక మర. విప్పి, తిప్పి, బిగించాలి.
పదకొండున్నర చేస్తే బంతి పైకి లేస్తుంది,
ముఖమూ ఎడమకు మూసుకుంటుంది.
తగ్గిస్తే తెరుచుకుంటుంది.
ఒక్కటే మార్చుకుంటానంటే ఒప్పుకోదు.
ఈ ముక్క తలకెక్కడానికి రెండు నెలలు పట్టింది.
ఫిలిప్పీన్ కుర్రాడు రోడెల్ చేతులతో చూపించాడు:
తలుపు, గాలి, మళ్లీ తలుపు.

అడుగున రెండు బరువులు, మరమేకుల్లాంటివి.
ఒకటి రెండు గ్రాములు, ఒకటి పన్నెండు.
పన్నెండుది మడమవైపు పెడితే
కుడికి పారిపోయే బంతి ఎడమకు మళ్లుతుంది.
వెనక్కి పెడితే, తప్పుగా తగిలినా క్షమిస్తుంది.
క్షమించడం అనే మాటే వాడతారు, నేను కల్పించలేదు.

మొదటిసారి ఆ పన్నెండు గ్రాములు అరచేతిలో వేసుకుంటే
చెయ్యి అంది: బంగారం.
కోరుట్లలో పదహారేళ్లు కుంపటి ముందు కూర్చున్న చెయ్యి.
తులం మీద పిసరు, అంది. తూచక్కర్లేదు, అంది.
కన్ను కాదంది. బూడిదరంగు.
టంగ్‌స్టన్ అట.
అంత చిన్నదానిలో అంత బరువు
బంగారం తర్వాత ఇందులోనే చూశాను.
మా నాయిన ఉంటే గీటురాయి తెమ్మనేవాడు.
నేను చొక్కాకు తుడిచి, బిగించి,
పానా టక్‌మనగానే ఆపాను.
టక్ తర్వాత పావుచుట్టు కూడా తిప్పకూడదు.
పసిపిల్ల చెవికి కమ్మల సీల బిగించినవాడికి
అది ఎవరూ నేర్పక్కర్లేదు.

ప్రతి గురువారం అబూ మిషాల్ వస్తాడు.
కుడికే పోతోంది, అంటాడు, దొంగను పట్టించినట్టు.
డిగ్రీ పెంచాను. బరువు మడమకు జరిపాను.
మెత్తటి కడ్డీ వేశాను.
ఇక తిప్పడానికి మర లేదు.
బంతి కాసేపు తిన్నగా పోయి
ఏదో గుర్తొచ్చినట్టు కుడికి.

తప్పు ఆయన బొటనవేలిది.
సుత్తి పట్టిన తీరు చూసి పనివాణ్ణి చెప్పేవాళ్లం మేం.
చెప్పలేదు. నా అరబ్బీకి అంత మర్యాద రాదు.

ఈ వారం కర్ర అందిస్తూ
ఆ వేలిని నా వేలితో
గోరంత జరిపాను.
ఆయన చూశాడు. నన్నా, వేలినా, తెలియలేదు.
కొట్టాడు.
దుమ్ములో బంతి ఎక్కడ పడిందో నాకు కనబడలేదు.
ఆయన మాత్రం చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాడు,
చాపముక్క ఎత్తుకోవడం మర్చిపోయి.

రాత్రి బట్టలు ఉతుకుతుంటే
విడి డబ్బాలోని పన్నెండు గ్రాములది ఒకటి
జేబులో దొరికింది.
రేపు తిరిగి వేసేస్తాను.
ఈ రాత్రికి చెయ్యి ఏమనుకుంటుందో అనుకోనీ.