పల్లం

పితాని సూరన్న మోటార్లు చుట్టే మనిషి.
వరదలో మునిగిన పంపుసెట్లు, కాలిపోయిన ఏరేటర్లు
అమలాపురం కాలవగట్టు మీద అతని కొట్టు ముందు
ఎప్పుడూ బారులు తీరి ఉంటాయి.
మా ల్యాబు అయస్కాంతానికి రాగి తీగ చుట్టమంటే
నాలుగువేల చుట్లూ నోటితో లెక్కపెట్టి, ఆఖర్న అడిగాడు:
"ఇదే చేనుకి నీళ్లు తోడుద్దండీ?"

ఏమీ తోడదు సూరన్నా.
ఆవగింజలో సగమున్న గార్నెట్ గోళీకి
అటొకటి ఇటొకటి ధ్రువాలై ఊరికే నిలబడుద్ది.

ఆ గోళీని నేనే నూరాను.
గరుకు కాగితం అతికించిన డబ్బాలో
గాలి ఊది ఊది, తొమ్మిది రోజులు.
స్ఫటికం మూలలు పోగొట్టుకుంది.
లోపలి దిక్కులు మాత్రం మరవలేదు.
ఏ పక్కకి తిప్పితే ఎంత బిగుసుకోవాలో
దాని ఇనుప పరమాణువులకి ఇంకా తెలుసు.

ఇత్తడి వేవ్‌గైడ్‌లో ఫెరైట్ ముక్క ఒకటి:
వెళ్లే తరంగాన్ని పోనిస్తుంది,
తిరిగొచ్చేదాన్ని మింగేస్తుంది.
"మా మురుక్కాలవ తలుపే కదండీ.
మురుగు సముద్రానికి పోద్ది, పోటుకి ఉప్పునీరు ఎక్కదు.
మాది తుప్పట్టి రెండేళ్లయింది, ఎక్కేత్తంది."

నీరు పల్లమెరుగు.
కరెంటు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే
మూడువేల మూడువందల నలభై గాస్ దగ్గర
రికార్డరు పెన్ను చటుక్కున కిందికి దిగుతుంది.
తరంగం ఆ గింజలో ఇంకిపోయే చోటు.
నా మూడేళ్ల చదువు ఆ పల్లం వెడల్పు.

ఆశ్వయుజంలో పల్లం జరగడం మొదలెట్టింది.
పగలు ఉన్నచోటే.
రాత్రి పదకొండు దాటితే కుడికి, పన్నెండు గాస్.
మూడింటికి ఇంకాస్త.
గోళీని కడిగాను. జిగురు మార్చాను.
తేమ అనుకున్నాను, నా చెయ్యి అనుకున్నాను.
గైడుగారు "మళ్లీ నూరమ్మా" అన్నారు.

సూరన్న గ్రాఫు కాగితం తలకిందులుగా పట్టుకుని చూశాడు.
"పదకొండుకండీ, చెరువుల మీద ఏరేటర్లన్నీ ఒక్కసారే ఏత్తారు.
మూడింటికి నీళ్లలో గాలి చచ్చిపోద్ది,
రొయ్య పైకి తేలుద్ది, ఉన్నయ్యన్నీ ఏసేత్తారు.
మీ గదిలో బల్బు డిమ్మయ్యింది చూళ్లేదేటండీ?"

చూడలేదు. గోళీనే చూశాను.

స్టెబిలైజరు వచ్చాక
ఆ నెల కాగితాలన్నీ కొట్టేయమన్నారు.
కొట్టేశాను, పెన్సిలుతో.
ఒకదాని మీద మాత్రం తారీకు పక్కన రాసుకున్నాను:
ఈ రాత్రి చెరువుల్లో గాలి తక్కువ.