రొంత

"నూరు గుర్రాలు కావాలన్నా" అన్నాడు ఎర్రిస్వామి,
బానెట్ మీద చెయ్యేసి, ఎద్దు మూపురం నిమిరినట్ల.
ఇరవై ఏండ్ల ఎస్టీము. సైకిలు షాపు అమ్మిన దుడ్లు.
నేను అలమరలోంచి పిస్టనొగటి తీసి వాని ముందర పెట్టినా:
నెత్తిన సిటికెనేలు పట్టే బెజ్జం.
ఇప్పుడు దాంట్లో పొద్దున్నే ఊదుకడ్డీ గుచ్చుతా.
ఆ బెజ్జం కొట్టింది నేనే,
పన్నెండేండ్ల కిందట, ఇట్లే తొందరపడి.

తాడిపత్రిలో బండలు కోసే మిల్లుల నడుమ నా షెడ్డు.
ఎయిర్ ఫిల్టరు దులిపితే సున్నప్పిండి రాలుతాది.
ఈడ ఊపిరి తీసుకునేది ఏదైనా సరే
ముందు ముక్కు కడుక్కోవాల.

"సూడబ్బోడా,
ఈ నీలం సీసాలో ఉండేది మంట కాదు,
మంటకు ఊపిరి.
ఊపిరి పెరిగితే ఆకలి పెరుగుతాది.
పెట్రోలు పెంచకుండా ఊపిరొగటే ఊదితే
ఆ ఆకలి యాడికి పోతాది?
అల్యూమినియం తింటాది."

వాడు నవ్వినాడు.
నవ్వించే గాలి అంటారు గదా దీన్ని.

మొదట కంప్రెషన్ సూసినా, నాలుగు సిలిండర్లూ.
మూడోది రొంత నీరసం.
వాల్వు సీటు రుద్దుతా రెండు దినాలు.
"ఇంగా బిగించల్యాన్నా" అని ఫోను మీద ఫోను.
రోగం గుండెకు పరుగు నేర్పకూడదురా.
పంపు కొత్తది. ప్లగ్గులు ఒగ మెట్టు సల్లవి.
మంట తొందరపడతాది గాబట్టి
నిప్పురవ్వను రొంత ఆలస్యంగా రమ్మన్నా.
జెట్టు ముప్పై అయిదుది.
"అంతేనా!" వాని మొగం సద్ది సంగటి మాదిరి గట్టిపడింది.

సీసా డిక్కీలో, రెండు పట్టీలేసి.
పగిలే మూతకు గొట్టం తగిలించి బయటికి దారి పెట్టినా,
కోపమొస్తే ఇంట్లో కాదు, ఈదిలో అరవాలని.
స్విచ్చి ఒగటి వాని సేతికి.
ఇంగొగటి కాలి కింద, యాక్సిలరేటరు నేలను తాకితేనే.
మూడువేలు తిరగకముందు తెరుసుకోని కాపలా ఒగటి.
సీసా సల్లబడిందని స్టవ్వు మీద కాసినోళ్లను ఎరుగుదును.
వాళ్ల పైకప్పు యాడ పడిందో ఇంగా తెల్దు.

రాత్రి ముద్ద కాడ మా దస్తగిరమ్మకు సెప్పినా.
ఆస్పత్రిలో మత్తు డాక్టరు పక్కన
ఇరవై ఏండ్లు నిలబడిన మనిషి.
"మేమూ అదే నీలం సీసా తిప్పేది.
పక్కన ఆక్సిజన్ లేకుండా ఒంటిగా ఎప్పుడూ ఇడవము.
మీకు పెట్రోలు, మాకు ఆక్సిజన్.
జత లేకుంటే అది నవ్వించదు" అనింది,
ఊరిబిండి నా పక్కకు జరుపుతా.

ఆదివారం. మూతబడిన క్వారీ. ఓనరు సంతకం జేబులో.
తెల్లారకముందే బండలు లాగిన దారంతా నడిసి
రాళ్లేరినాము ఇద్దరమూ.
బర్రెలు అడ్డం రాకుండా ఆ కొసన రజాకు, ఎర్ర తువ్వాలతో.
ఎర్రిస్వామికి హెల్మెటు.
నా సంకలో మంటలార్పే సిలిండరు, సంటిబిడ్డ మాదిరి.

మొదటి గేరు. రెండు. మూడు.
అప్పుడు వినపడింది.
పిడుగేం కాదు. మిల్లులో రంపం
బండలోకి దిగేటప్పుడు గొంతు మారుతాది సూడు, అట్ల.
ఆరు సెకన్లు.
దుమ్ము మా తలకాయల మీద వాలేలోపల అయిపాయ.

వాడు దిగినాడు. మోకాళ్లు వణుకుతా ఉన్నాయి.
నోరు తెరిసినాడు, మాట రాల్యా.
నేను వాని పక్క సూడల్యా.
రొంత ఆరనిచ్చి ప్లగ్గు తిప్పి తీసినా, గుడ్డతో పట్టి,
భూతద్దం కింద పెట్టినా.
తెల్లగా పాలిపోలేదు. మెరిసే సుక్కల్లేవు.
దోరగా ఏంచిన బుడ్డగింజ పొట్టు రంగు.

"ఇంగొగసారన్నా. ఈసారి యాభైది ఏసి" అన్నాడు,
ఊపిరి అందినాక.

నేను సీసా మూత బిగించినా.
లైన్లో మిగిలింది ఇడిసిపెడితే
తెల్లగా బుస్సుమని పాయ.
గ్లౌజు వేళ్ల మీద మంచు,
మేనెల తాడిపత్రిలో.
నొసటికి ఆనించుకోని అట్లే నిలబడినా
రొంత సేపు.