తిత్తులు తొక్కేటోడు

పదహారేండ్లు రేకు మడిచిన.
సల్మాబాద్ షెడ్డుల గీత గీసి, కత్తిరించి, అంచు వంచి
గాలి సప్పుడు చెయ్యకుంట నడిచే తొవ్వలు చేసిన.
డక్టు పనిల ఒక్కటే నేరం: ఈల.
ఎక్కడన్న సన్నగ ఈలేసిందంటే
ఫోర్‌మన్ నిచ్చెనేసుకొని మీదికొచ్చేటోడు.

అసొంటి నన్ను పట్టుకొని
అన్నెకె అన్నది:
"ఇక్కడ గాలి పలుకాలె."

మనామాల కొత్త చర్చి, సున్నం వాసన ఇంక పోలే.
నలభై రెండు పెట్టెలు ఓడ దిగినయి.
ఓక్ కట్టె, గొర్రె తోలు, ఎముకల సరేసు,
ఒక పెట్టెనిండ, నవ్వాగలేదు నాకు, ఇసుక!
ఇసుక దేశానికి ఇసుక మూటగట్టుకొని వచ్చిండ్రు.
ఇక్కడిది గాలికి అరిగి గుండ్రమైందట, పట్టు లేదట.
వాళ్ల ఏటి ఇసుకను పరుపు లెక్క పరిచి
తగరం, సీసం కరిగించి పోస్తే
ఒక్క తాప మెరిసి, మసకబారి, రేకైంది.
నాలుగు వందలేండ్ల కింద గిట్లనే పోసేటోల్లట.
మిషిన్ల సాపు చేసిన రేకుకు గొంతు రాదంటది.
సుత్తె అందుకున్న.
మా తాత కమ్మరి. చెయ్యికి ఆ బరువు ఎరుకే.

మెట్లు చూస్తె అన్ని ఉల్టా,
తెల్లయి ఉండేకాడ నల్లయి, నల్లయి ఉండేకాడ ఎముక.
ఆ ఎముక మెట్లల్ల రెండు అడ్డంగ చీలి ఉన్నయి,
ముందటి సగం ఒక స్వరం, వెనుక సగం ఇంకొకటి.
నాకు రెండూ ఒక్కతీరే వినవడ్డయి.
"మల్ల విను" అన్నది.
మూడోసారికి తెలిసింది, దువ్వెన పండ్ల సందంత తేడా.
ఇప్పటి పియానోలల్ల రెండిటిని ఒక్క మెట్టుల కుక్కుతరట,
ఏదీ పూర్తిగ నిజం కాదట, పని మాత్రం నడుస్తదట.
నా కార్డు మీద కమ్మరి లింబాద్రి నర్సయ్య,
క్యాంపుల బద్రి, షెడ్డుల బదర్.
పని నడుస్తది.

కరెంటు మోటరు ఉన్నది. ఉన్నా గని
గోడ వెనుక మూడు తిత్తులు కట్టినం.
మోటరు గాలి ఇస్త్రీ చేసినట్టు వస్తదట,
తొక్కిన గాలి జరంత ఊగుతది,
పాడేటోడు నడుమ దమ్ము తీసుకున్నట్టు.
ఎవరు తొక్కుతరని అడిగింది.
నేను చెయ్యెత్తలేదు. నా కాలే ఎక్కింది.

మూత బిగించే ముందు పెన్సిలు ఇచ్చింది.
పాతకాలం పనోళ్లు లోపట పేర్లు రాసేటోల్లట.
రెండో తిత్తి, మూడో మడత.
ఏ పేరు రాసిన్నో చెప్ప.

మొదటి శుక్రారం
నేను చేసిన డక్టులన్ని బందువెట్టిండ్రు.
మూడు వందల మంది చెమటల కూసున్నరు.
ఫ్లేవియా టీచరు పక్కన పిడి గుంజితే
నా చెవికాడ చిన్న గంట మోగింది.
దానికి ఒక్కటే అర్థం: తొక్కు.
సైరన్లు, హారన్లు, కేకలు, ఎన్ని పిలిచినయో నన్ను,
గింత మెల్లగ పిలిచింది ఇదొక్కటే.
అవుతల ఎవరు ఏడ్చిండ్రో, ఎవరు కునుకు తీసిండ్రో తెల్వది.
నాకు వినవడ్డది తోలు కిర్రుమనుడు.
పెద్ద గొట్టం పలికితే
నా మోకాళ్లు పలికినయి.

ఇంకొకటి మరిచిన. పిట్ట.
చిటికెనవేలంత గొట్టాలు రెండు తలకిందులు వంగి
గిన్నె నీళ్లల్ల మూతి ముంచి ఉంటయి.
గాలి పోతే నీళ్లు కులుకుతయి, పిట్ట కూస్తది.
ఈ దేశంల గిన్నెల నీళ్లు నిలువయి,
ఎండ సగం తాగుతది, ఏసీ సగం తాగుతది.
గురువారం పొద్దుమీకి బస్సు దిగి వచ్చి
క్యాను వంచి నింపిపోత.

అన్నెకె పోయి ఐదు నెలలాయె.
మొన్న నైటు డ్యూటీ పడ్డది, రాలేకపోయిన.
ఆ శుక్రారం పిట్ట పిడి గుంజితే
ఉత్త గాలి వచ్చిందట, సన్నగ,
ఈల లెక్క.
ఫోర్‌మన్ వినుంటే
నిచ్చెనేసుకొని వచ్చేటోడు.